కొరివి దిబ్బ మీద అడ్డదారి

కొరివి దిబ్బ పేరు చెబితే మా వైపు ఏడ్చే పిల్లలు కూడా నోరు మూసుకుంటారు. ప్రత్తిపాడు దాటి దక్షిణంగా పోతే వాగు పక్కన నల్లరేగడి చేలు... ఆ చేల మధ్య ఒక్కటే గట్టినేల దిబ్బ. పగలు చూస్తే నాలుగు తుమ్మచెట్లు, ఒక కూలిన గోడ, అంతే. చీకటి పడ్డాక మాత్రం అటు పోకూడదు. పోతే, మండే కట్టె ఒకటి తనంతట తాను దిబ్బ చుట్టూ తిరుగుతూ కనిపిస్తుంది. అది చూసి కూడా ఆగకపోతే — దెయ్యం గొంతు పట్టుకుంటుంది.

పట్టుకుంటే మామూలుగా పట్టుకోదు. తప్పించుకొచ్చినవాళ్ళు ఇల్లు చేరేసరికి కళ్ళు ఎర్రగా వాచిపోయి, ముక్కు కారిపోతూ, మాట పెగలక, దగ్గి దగ్గి గుమ్మంలోనే కూలబడేవాళ్ళు. ఏమైందిరా అంటే, "దెయ్యం..." అని మాత్రం అనేవాళ్ళు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేవాళ్ళు కాదు.

ఈ దెయ్యానికి ఒక క్రమశిక్షణ కూడా ఉంది. మాఘంలో దిగుతుంది, చైత్రం దాటగానే వెళ్ళిపోతుంది. తక్కిన ఏడాదంతా ఏ చుట్టాలింట్లో గడుపుతుందో ఎవరూ ఆలోచించలేదు. దెయ్యాల విషయంలో ఎక్కువ ఆలోచించడం మర్యాద కాదని మావాళ్ళ అభిప్రాయం.

నేను ఆ దిబ్బ ఎక్కినవాణ్ణి కాను. రోశయ్య చెప్పగా విన్నాను. ఒట్టు ఉందని చాలా ఏళ్ళు అతను నోరు విప్పలేదు. ఒట్టు వేయించుకున్న మనిషి ఈమధ్యే కాలం చేసిందట, అందుకని విప్పాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో జరిగింది. గుంటూరులో ఒక మిరపకాయల కొట్లో యలమందయ్య అని గుమాస్తా ఉండేవాడు. కాయ చేతిలోకి తీసుకుని ఒక్కసారి వాసన చూస్తే ఏ ఊరి చేలో పండిందో చెప్పేవాడు. ఆ ముక్కు మీద యజమానికి ఎంత నమ్మకమంటే, సొంత పెళ్ళికి కూడా అతన్ని ముందుగా వదల్లేదు.

"సీజన్లో పెళ్ళేమిటయ్యా?" అన్నాడట యజమాని, పెళ్ళి అనేది ఏదో జబ్బు అయినట్టు.

పెళ్ళివారు ముందురోజే బయలుదేరి వెళ్ళారు. అమ్మ, నాన్న, మేనత్తలు, మేళగాళ్ళు, అందరూ. పెళ్ళికొడుకు ఒక్కడే కొట్లో బస్తాలు తూకం వేయిస్తూ మిగిలిపోయాడు. తెల్లవారుజామున ముహూర్తం. యజమాని వదిలేసరికి ఆఖరి బస్సు కాస్తా వెళ్ళిపోయింది.

బస్సు పోతే పోయింది, సైకిళ్ళున్నాయి అన్నారు స్నేహితులు. ముగ్గురు. సర్వే ఆఫీసులో పటాలకు రంగులు పూసే అంకమ్మరావు, ఆ దిబ్బ పక్క ఊరి మనిషి రోశయ్య, ఇంకా సైకిల్ షాపు హయాత్. హయాత్ స్నేహం కోసం వచ్చానన్నాడు గానీ, అద్దె సైకిళ్ళను ఈ ముగ్గురి చేతుల్లో పెట్టి నిద్రపోగల ధైర్యం లేక వచ్చాడు.

బ్రాడీపేటలో కాఫీ హోటల్లో కూర్చుని ప్లాను వేశారు. ప్లాను అంకమ్మరావుది. సాసర్లోంచి ఒలికిన కాఫీని వేలితో బల్ల మీద లాగాడు.

"ఇది గుంటూరు. ఇది ప్రత్తిపాడు. ఇక్కణ్ణించి రోడ్డు చూడండి — వాగును తప్పించుకుంటూ వంకర తిరిగి, ఇంకో రెండూళ్ళు పలకరించుకుని, అప్పుడు వీడి మావగారి ఊరు చేరుతుంది. మనకెందుకా పలకరింపులు? ఇక్కడ డొంకలోకి దిగి... ఇట్లా... తిన్నగా!"

బల్ల మీద వేలు తిన్నగానే పోయింది. బల్ల మీద ముళ్ళకంపలు లేవు, గట్లు లేవు, బోదెలు లేవు. పైగా హోటల్లో ఎలక్ట్రిక్ బల్బు వెలుగుతోంది.

ముందు ఎవరు, వెనక ఎవరు, దీపం ఎవరికి, గాలి పంపు ఎవరికి... అన్నీ తేల్చాడు. ఆయాసం వస్తే ఎక్కడ ఆగాలో కూడా చెప్పాడు. డొంకలో ఎప్పుడైనా సైకిలు తొక్కావా అని అడిగితే మాత్రం వినపడనట్టు కాఫీ తాగాడు.

రోశయ్య తాగుతున్న కాఫీ కింద పెట్టేశాడు.

"ఆ తిన్నగా పోయేది ఎక్కడికో తెలుసా? కొరివి దిబ్బ మీదికి."

"మా పటంలో దిబ్బ ఉంది. దెయ్యం లేదు."

"పటంలో లేదురా, దిబ్బ మీద ఉంది. నిరుడు నా గొంతు పట్టుకుంది."

"ఎట్లా పట్టుకుందో చెప్పు, వింటాం."

"అది... చెప్పకూడదు."

అంకమ్మరావు పెద్దగా నవ్వాడు. చదువుకున్నవాడు కదా, నవ్వడం అతని బాధ్యత.

"దెయ్యం సంగతి మీరూ మీరూ చూసుకోండి," అన్నాడు హయాత్. "నా సైకిళ్ళకు ఏమన్నా అయిందా, గొంతు పట్టుకునేది నేను."

అందరూ పెళ్ళికొడుకు వైపు చూశారు. యలమందయ్యకు దెయ్యమంటే భయమే. కానీ దెయ్యాన్ని మించిన భయం ఒకటి ఉంది. దాని పేరు సీతారామాంజనేయులు. పెళ్ళికూతురు కోటిరత్నానికి మేనబావ. పిల్లను తనకే ఇస్తారని ఎన్నాళ్ళో ఎదురుచూసి, గుంటూరు గుమాస్తాకు ఇస్తున్నారని తెలిసి, అలగకుండా పెళ్ళికి సాయం చేయడానికి ముందే వచ్చి కూర్చున్నాడు. కొత్త జరీ పంచె కట్టుకుని మరీ సాయం చేస్తున్నాడని కబురొచ్చింది.

మావగారు కూడా దాచుకోలేదు. "ముహూర్తం దాటితే నేనాగను. పీటల మీద కూర్చునేవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు," అని యలమందయ్య తండ్రి మొహం మీదే అన్నాడు.

యలమందయ్యకు పిల్లంటే ఇష్టం. పెళ్ళిచూపుల్లో తల వంచుకోకుండా తిన్నగా తనవైపు చూసి, "కాయ వాసన చూసి ఊరి పేరు చెప్తారంట, నిజమేనా?" అని అడిగిన పిల్ల. ఆ పిల్లను పోగొట్టుకుని కొట్లో బస్తాల మధ్య బతకడం తన వల్ల కాదని అతనికి తెలుసు.

"దెయ్యమయితే గొంతే పట్టుకుంటుంది," అన్నాడు చివరికి. "వాడు పీటలే పట్టుకుంటాడు. అడ్డదారినే పోదాం."

ప్రత్తిపాడు దాకా బాగానే పోయింది. కుక్కలు కాసేపు సాగనంపాయి. అక్కడ రోడ్డు వదిలి డొంకలోకి దిగారు.

డొంకలో బండి చక్రాల గాళ్ళు మోకాలి లోతు. ఒకడు పడితే వెనకవాడు వాడి మీద పడేవాడు. "ప్లానులో ఇది కూడా ఉందా?" అని హయాత్ పడ్డప్పుడల్లా అడిగాడు. కొంతదూరం పోయాక గాలికి ఉన్న ఒక్క దీపమూ ఆరిపోయింది.

చీకటి... ముందున్నవాడి వీపు కూడా కనపడని చీకటి. పత్తి చేలల్లో ఎండు మోళ్ళు గాలికి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. ఆ రాపిడి, చైన్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

వాగు దాటారు. ఎదురుగా దిబ్బ... ఆకాశం కంటే నల్లగా.

రోశయ్య సైకిల్ దిగిపోయాడు. గుసగుసగా అన్నాడు — "కొరివి కనపడుతోందా?"

నలుగురూ కళ్ళు చికిలించి చూశారు. కొరివి లేదు. మిణుగురు పురుగంత వెలుగు కూడా లేదు.

"చూశారా?" అంకమ్మరావుకు ఒక్కసారిగా గొంతు వచ్చింది. "ఏదిరా నీ దెయ్యం? చదువు రానివాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని..."

"అదే నాకు భయంగా ఉందిరా," అన్నాడు రోశయ్య. "కొరివి ఉండాలి. ఈ రోజుల్లో రోజూ ఉంటుంది. ఇవాళ ఎందుకు లేదు?"

ఆ మాటకు అంకమ్మరావు గొంతు మళ్ళీ పోయింది. కానీ ముహూర్తం ఆగదు. యలమందయ్య "పదండి" అని పెడల్ మీద లేచి నిలబడి దిబ్బ పైకి తొక్కాడు. వెనకే అంకమ్మరావు, హయాత్. రోశయ్య మాత్రం సైకిలు భుజాన వేసుకుని, దిబ్బ అంచు పట్టుకుని, పిల్లిలా చుట్టు తిరిగి నడవడం మొదలెట్టాడు.

పైకి ఎక్కారు.

చక్రాల కింద — కర... కర... కర...

"ఏంట్రా అది?"

"ఆగకు... తొక్కు..."

కరకర, గలగల... ఎండిన ఎముకలు పరిచినట్టు. చక్రం జారింది. యలమందయ్య బోర్లా పడ్డాడు. మీద అంకమ్మరావు, వాడి మీద హయాత్, అందరి మీద సైకిళ్ళు. అమ్మో అని అరవడానికి నోరు తెరిచారు. తెరిచి ఊపిరి లాగారో లేదో —

గొంతు పట్టుకుంది.

ముగ్గురికీ ఒకేసారి. ఊపిరి లోపలికి పోదు, బయటికి రాదు. కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. ముక్కుల్లోంచి, చెవుల్లోంచి మంటలు. దగ్గు... ఒకడి దగ్గు ఆగకముందే ఇంకొకడి తుమ్ము. అంకమ్మరావు తనకు రాదనుకున్న ఆంజనేయ దండకం మొత్తం చదివాడట, మధ్యమధ్య తుమ్ముతూ.

అప్పుడు గోడ పక్క నేల కదిలింది. నేలలోంచి తెల్లగా... నెమ్మదిగా... ఒక ఆకారం లేచి కూర్చుంది.

అదీ దగ్గింది.

"ఎవర్రా..." అంది బొంగురు గొంతుతో. "ఎవర్రా నా కడుపు మీద సైకిళ్ళు తొక్కింది?"

హయాత్ అగ్గిపుల్ల గీశాడు. దిబ్బ నిండా ఎరుపు. మడమ పెట్టే సందు లేకుండా పరిచిన ఎండు మిరపకాయలు. వాటి మధ్య తెల్లపంచె చుట్టుకున్న ఒక ముసలి విధవ, తలనిండా మిరప పొట్టు.

పొత్తిళ్ళలో ఉండగానే మిరప ఘాటు కోరు పీల్చి పెరిగిన గుంటూరు మనుషులు. అందులో ఒకడు కాయ వాసన చూసి ఊరి పేరు చెప్పేవాడు. ముగ్గురూ మిరపకాయల్లో పడి దెయ్యం అనుకున్నారు. భయం వేస్తే ముక్కు కూడా మూసుకుపోతుంది కాబోలు.

ఆవిడ పేరు చెంచమ్మ. కౌలుకు తీసుకున్న కాస్త చేను తప్ప ఏమీ లేదు. కాయ ఆరబెట్టుకోవడానికి సొంత కళ్ళం లేదు. ఊళ్ళో వాళ్ళ కళ్ళాల్లో పోస్తే తెల్లారేసరికి కుప్ప తరిగిపోయేది.

"ఒంటి ఆడదాన్ని, ఎవర్ని ఆపుతాను?" అంది చెంచమ్మ, విరిగిన కాయలు ఒళ్ళోకి ఏరుకుంటూ. "ఈ దిబ్బకు పాతకాలం నుంచి చెడ్డపేరుంది. దెయ్యం ఉన్నచోటికి దొంగ రాడు గదా అని ఇక్కడ పోసుకున్నా. ఏళ్ళ తరబడి ఒక్క కాయ పోలేదు. ఇవాళ నువ్వొచ్చి... నా ఏడాది తిండిరా నాయనా ఇది!"

ఏడ్చింది. ఆ ఏడుపు మిరప ఘాటుది కాదని యలమందయ్యకు తెలుసు. నలిగి గింజ రాలిన కాయను తన కొట్లో ఎవరూ ముట్టుకోరు, ఆ మాట రోజూ అనేది తనే. సిగ్గుతో చచ్చిపోయాడు. ముగ్గురూ, దూరం నుంచి వచ్చిన రోశయ్యా, చేతులు మండుతుంటే నలిగిన కాయను వేరుచేసి, మంచి కాయను రాశి పోశారు. ముహూర్తం పరుగెత్తుకొస్తోంది, అయినా పోశారు.

పోశాక చెంచమ్మ అంది — "పోయింది పోయింది. ఇది బయట పొక్కితే ఉన్నదీ పోతుంది. రేపు రాత్రికే సంచులు పట్టుకుని దిగుతారు. రాశి మీద చేతులు పెట్టండి. కొరివి దెయ్యం గొంతు పట్టుకుందని చెప్తామని ఒట్టెయ్యండి. అందరూ అదే చెప్తున్నారు."

"అందరూ అంటే?" అన్నాడు అంకమ్మరావు.

చెంచమ్మ రోశయ్య వైపు చూసింది. రోశయ్య ఆకాశం వైపు చూశాడు.

రాశి అంటే లక్ష్మి. చెప్పులు విడిచి గానీ దగ్గరికి పోరు. దాని మీద చేయి వేసి ఆడి తప్పినవాడి ఇంట్లో గింజ నిలవదని అందరికీ నమ్మకం. హయాత్ కూడా మారుమాట లేకుండా చేయి వేశాడు. అందరికంటే ముందు పెళ్ళికొడుకు వేశాడు.

లేవబోతూ అంకమ్మరావు, ఆఫీసు మనిషి కదా, ఇంకో ప్రశ్న వేశాడు. "అయితే ఆ కొరివి తిప్పేది కూడా నువ్వేనా అవ్వా?"

చెంచమ్మ కాయలు ఏరడం ఆపింది. గొంతు తగ్గించింది.

"నేను చీకటి పడితే పడుకుంటాను నాయనా. కొరివి సంగతి నన్నడక్కు. రోజూ వస్తుంది... ఇవాళ రాలేదు. అంతే."

మిరపకాయలు సరే. మరి నిప్పు ఎవరిది? అడిగినవాడే అందరికంటే ముందు సైకిలెక్కాడట.

పెళ్ళి పందిట్లో దీపాలు కనిపించేసరికి తూర్పు తెల్లబడుతోంది. పురోహితుడు మాటిమాటికీ మెడ చాచి ఆకాశం చూస్తున్నాడు. సీతారామాంజనేయులు పీటల పక్కనే నిలబడి పీటలు తుడుస్తున్నాడు. ఆ పీటలు అప్పటికి ఎన్నిసార్లు తుడిచాడో ఆ దేవుడికే తెలియాలి.

పెళ్ళికొడుకు వచ్చాడు. కళ్ళు రెండూ వాచి మూసుకుపోయి, ముక్కు కారుతూ, మొహం కందగడ్డలా, అడుగడుక్కీ దగ్గుతూ. సన్నాయి ఆగిపోయింది.

"ఏమైందయ్యా?" అన్నాడు మావగారు.

మిరపకాయలు అని ఒక్క మాట చాలు. అందరూ నవ్వి, మొహం కడిగించి, పీటల మీద కూర్చోబెడతారు. ఆ మాట యలమందయ్య నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ పందిట్లో ఉన్నవాళ్ళలో సగం మంది దిబ్బ చుట్టుపక్కల వాళ్ళే. రేపు రాత్రి చెంచమ్మ ఒంటరిగా...

"దెయ్యం, మావగారూ. కొరివి దిబ్బ మీద... గొంతు పట్టుకుంది."

పందిరంతా ఒక్కసారి వెనక్కి జరిగింది. సీతారామాంజనేయులు మాత్రం ముందుకు జరిగాడు, ఉత్తరీయం సర్దుకుంటూ.

"దెయ్యం పట్టినవాడికి పిల్లనెట్లా ఇస్తారు మావయ్యా?" అన్నాడు, ఎంతో బాధగా.

మావగారు దగ్గరికొచ్చాడు. "చూడు బాబూ, ఎక్కడన్నా తాగి పడ్డావా? అదైనా చెప్పు, సర్దుకుపోతా. దెయ్యమంటే మాత్రం సర్దుకోలేను. నిజం చెప్పు, దెయ్యమేనా?"

యలమందయ్య కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. అందులో మిరపకాయల వాటా ఎంతో, మిగతా ఎంతో చెప్పడం కష్టం. పెళ్ళి పోతోందని తెలుసు.

"దెయ్యమే," అన్నాడు.

మావగారు బరువుగా మేనల్లుడి వైపు తిరిగాడు.

అప్పుడు గది గుమ్మంలో పెద్దగా తుమ్ము వినపడింది. తలలు తిరిగాయి. కోటిరత్నం, బుగ్గన చుక్కతో, నుదుట బాసికంతో గుమ్మంలో నిలబడి ఉంది. గాలి పెళ్ళికొడుకు మీదుగా అటే వీస్తోంది. ఇంకోసారి తుమ్మింది. తడుముకోకుండా అంది —

"నాన్నా, ముహూర్తం పోతోంది. తెర పట్టించండి."

"దెయ్యమంటున్నాడమ్మా..."

"నేను చూసుకుంటాగా."

ఆ ఇంట్లో కోటిరత్నం గొంతు లేస్తే మావగారి గొంతు దిగుతుంది, అది పాత అలవాటు. తెర పట్టారు. మేనబావ పీటల దగ్గర్నుంచి వెళ్ళలేక వెళ్ళలేక వెళ్ళాడు.

తెరకు అటు పిల్ల, ఇటు యలమందయ్య. జీలకర్ర బెల్లం చేతిలో పెట్టారు. కళ్ళు కనపడక తడుముకుంటున్నాడు. వెనక నిలబడి రోశయ్య అతని భుజం పట్టుకున్నాడు, అందుకే ఆ గుసగుస అతని చెవిన కూడా పడింది.

"ఎంత తొక్కారు?"

యలమందయ్య ఉలిక్కిపడ్డాడు. "ఏంటి?"

"చెంచమ్మ పెద్దమ్మ కాయ. చాలా నలిగిందా?"

ఒట్టు గుర్తొచ్చింది. దగ్గు ఆపుకుని, "ఏం కాయ? నాకేం తెలీదు. దెయ్యం పట్టుకుంది," అన్నాడు.

తెర అవతల గొంతులో నవ్వో, కన్నీరో తెలియకుండా...

"నాకు కూడా చెప్పలేదంటే, మీరు మాట మీద నిలబడతారు. మా వాళ్ళేమో నేను పెద్దమ్మ ఇంట్లో తోడు పడుకుంటున్నాననుకుంటారు. రోజూ ఆ కొరివి పట్టుకుని దిబ్బ చుట్టూ తిరిగేది నేనేనండీ. వెలుగు చూసి మనుషులు దూరంనుంచే తప్పుకుపోతారని. రాత్రి ఒక్కరోజే పోలేదు... నన్ను పెళ్ళికూతుర్ని చేశారుగా."

పురోహితుడు తెర దించమన్నాడు.